సున్న, అరసున్న

నా వ్రాతబల్ల మీద శబ్దరత్నాకరానికి ప్రక్కన ఒక పాత సూక్ష్మదర్శిని ఉంటుంది. ఇంటికి వచ్చినవారు ముందు దాన్ని చూసి, తరువాత నన్ను చూసి, "తెలుగు పండితులకు ఇదెందుకండీ?" అని అడుగుతారు. ఏదో ఒక మాట చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఈ ఏడు ఆగస్టు 20న ఆ ప్రశ్నకు సమాధానం వ్రాసిపెట్టాలని కూర్చున్నాను. ఆ తేదీ ఎందుకో ముందుకు పోయినకొద్దీ మీకే తెలుస్తుంది.

1988లో నేను మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమనున్న ఒక పల్లెలో, ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ దారిన పోతే అపార్టుమెంట్లు, కళాశాలలు, మందుల కంపెనీలు కనిపిస్తాయి. అప్పుడు ద్రాక్షతోటలు, జొన్నచేలు, రాయి కొట్టగా మిగిలిన గుంతలు ఉండేవి. వానాకాలం వెళ్లేసరికి ఆ గుంతలన్నిటా నీళ్లు నిలిచేవి. నిలిచిన తేటనీటిలో ఏమి పుడుతుందో పిల్లలకు చెప్పవలసినది విజ్ఞానశాస్త్రపు మాస్టారు గనుక నాకా ఆలోచన ఉండేది కాదు.

తొమ్మిదవ తరగతిలో నేను సోమ, బుధ, శుక్రవారాలు వ్యాకరణమూ, మంగళ, గురువారాలు గద్యమూ చెప్పేవాణ్ణి. ఒక వారం, వెనుక బల్ల మీది కుర్రవాడొకడు సోమవారంనాడు మధ్యాహ్నపు గంటలో వణకడం మొదలుపెట్టాడు. "సార్, సలి పెడుతుంది సార్, ఇంటికి పోత" అన్నాడు. పంపించాను. మంగళవారం హాయిగా వచ్చి పాఠం విన్నాడు. బుధవారం సంధులు మొదలుపెట్టానో లేదో మళ్లీ వణుకు. గురువారం మామూలే. శుక్రవారం సమాసాల దగ్గర మళ్లీ చలి. అప్పుడు తరగతి అంతా వినేటట్లు, "ఒరే, నీకు వచ్చింది చలిజ్వరం కాదురా, వ్యాకరణ జ్వరం" అన్నాను. పిల్లలంతా నవ్వారు. వాడు తలవంచుకుని కూర్చున్నాడు. ఇంటికి పంపలేదు. సాయంత్రం గంట కొట్టేదాకా వాడి పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి.

మరుసటి వారం సోమవారం సంధికార్యాలు చెబుతుంటే వాడు నిమ్మళంగా కూర్చున్నాడు. నా మాట పనిచేసిందని లోలోపల సంతోషించాను. మంగళవారం గద్యపాఠం, వాడికి ఇష్టమైన పాఠం. సరిగ్గా అప్పుడే వణుకు వచ్చింది. నా సిద్ధాంతం అక్కడ కూలిపోయింది. శుక్రవారం తరువాత ఒకరోజు విడిస్తే ఆదివారం, ఆపైన మంగళవారం. వాడి జ్వరానికి నా కాలపట్టికతో సంబంధం లేదు. దాని లెక్క నలభై ఎనిమిది గంటలు. ఆయుర్వేదంలో విషమజ్వరాల పేర్లు సంతతం, సతతం, అన్యేద్యుష్కం, తృతీయకం, చాతుర్థికం అని ప్రాచ్యకళాశాలలో చదువుకున్నవాణ్ణి. ఒక మూలనుంచి ఇంకో మూలకు అప్పజెప్పగలను. తృతీయకం నా కళ్లముందు బల్ల మీద కూర్చుని వణుకుతుంటే గుర్తుపట్టలేకపోయాను.

వాణ్ణి నా సైకిలు మీద కూర్చోబెట్టుకుని సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ లాబు టెక్నీషియను నా ఈడువాడే. వాడి ఎడమచేతి ఉంగరపు వేలు దూదితో తుడిచి, సూదితో పొడిచి, ఒకే గాజుపలక మీద రెండు విధాలుగా రక్తం పూశాడు. ఒకటి, చుక్కను అక్కడక్కడే గుండ్రంగా కలిపిన మందపు పూత. రెండవది, మరొక పలక అంచుతో ముందుకు లాగిన పలుచని పూత, చివర నాలుకలాగ సన్నబడి ఉన్నది. "రెండెందుకు?" అన్నాను. "మందంది దొంగ ఉన్నడా లేడా చెప్తది సార్. పలుచంది ఆ దొంగ పేరేందో చెప్తది" అన్నాడు.

ఆ మాటలో శాస్త్రమంతా ఉన్నదని నాకు తరువాత తెలిసింది. మందపు పూతలో ఎక్కువ రక్తం చిన్న చోట పోగుపడుతుంది గనుక కొద్దిపాటి క్రిములున్నా పట్టుబడతాయి. కాని రంగు వేసేటప్పుడు దానిలోని ఎర్రకణాలు నీటికి పగిలిపోతాయి. దొంగ మిగులుతాడు, వాడు చొరబడిన ఇల్లు మిగలదు. పలుచని పూతను ముందుగా మిథనాలుతో స్థిరపరుస్తారు. కణాలు చెక్కుచెదరకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచుకుని ఉంటాయి. కణం ఉబ్బిందా, మామూలుగా ఉన్నదా, దానిలో చుక్కలు ఉన్నాయా, ఒక కణంలో ఒకటే క్రిమి ఉన్నదా రెండున్నాయా అన్నవి అక్కడే తెలుస్తాయి. జాతిని నిర్ణయించేవి ఆ ఆనవాళ్లే.

పలకలు ఆరాక నీలమూ ఎరుపూ రంగుల్లో ముంచి తీశాడు. మనదేశపు మలేరియా కార్యక్రమంలో విరివిగా వాడిన ఆ రంగుకు జె.ఎస్.బి. అని పేరు. జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనే మన శాస్త్రజ్ఞులు కూర్చిన పద్ధతి అది. ప్రపంచమంతటా వాడే గీమ్సా రంగుకు మన ఎండలకూ మన ఖర్చుకూ తగిన ప్రత్యామ్నాయం. ఆపైన పలక మీద నూనెబొట్టు వేసి, వందరెట్ల కటకాన్ని ఆ బొట్టులో ముంచాడు. కంటి దగ్గరి కటకం పదిరెట్లది. రెండూ కలిస్తే వెయ్యిరెట్లు. చాలాసేపు మరను అటూ ఇటూ తిప్పి, "రండి సార్, చూడుండ్రి" అన్నాడు.

చూశాను. లేత గులాబీరంగు బిళ్లలు గుంపులుగా కనిపించాయి. వాటి నడుమ ఒక బిళ్ల మిగతావాటికంటె ఉబ్బి ఉన్నది. దానిలో నీలపురంగు సున్న. ఆ సున్న అంచున ఎర్రని చుక్క. రాయి పొదిగిన ఉంగరం అని వాళ్లు అంటారట. నాకు మాత్రం పూర్ణానుస్వారమే కనిపించింది. ఉబ్బిన ఆ బిళ్లమీద కుంకుమ చల్లినట్లు సన్నని చుక్కలు. వాటిని షుఫ్నర్ చుక్కలు అంటారు. "ఇది వైవాక్స్ సార్. పిల్లగాడు నాటకం ఆడతలేడు" అన్నాడు. నాటకం అన్నమాట నేను అతనికి చెప్పలేదు. దారిలో నేను గాజుకిటికీ దగ్గర నిలబడి ఉండగా కుర్రవాడు చెప్పి ఉంటాడు.

వాడికి క్లోరోక్విన్ మాత్రలిచ్చారు. రక్తంలోని క్రిములు దానితో చచ్చిపోతాయి గాని, వైవాక్స్‌కు ఇంకొక గుణం ఉన్నది. కొన్ని క్రిములు కాలేయంలో నిద్రాణంగా ఉండిపోయి, వారాలకో నెలలకో మేల్కొని మళ్లీ రక్తంలోకి వస్తాయి. వాటికి ప్రిమాక్విన్ వేరే మందు. ఆ రోజుల్లో దాన్ని అయిదు రోజులు ఇచ్చేవారు. ఆ తరువాతి కాలంలో పద్నాలుగు రోజులు చేశారు. వాడికి అంతకు ముందు ఎండాకాలంలో కూడా ఇలాగే జ్వరం వచ్చిందనీ, రెండు రోజులకే తగ్గితే మిగతా మాత్రలు గూట్లోనే ఉండిపోయాయనీ వాడి అమ్మ చెప్పింది. మరునాడు తరగతిలో, నేను నవ్వించిన పిల్లలందరి ముందు, వాడిని క్షమించమని అడిగాను. గురువు శిష్యుణ్ణి అలా అడగకూడదని మా ప్రధానోపాధ్యాయులకు కోపం వచ్చింది. అది వేరే కథ.

అప్పటినుంచి ఆ టెక్నీషియనుకూ నాకూ స్నేహం. సాయంకాలం బడి విడిచాక దవాఖానకు వెళ్లి అతని ప్రక్కన కూర్చునేవాణ్ణి. అతనికి పద్యాలంటే ఇష్టం, నాకు అతని పలకలంటే ఇష్టం. ఇచ్చిపుచ్చుకున్నాం. పాత వ్రాతప్రతులు చదవడం నేర్చినవాడికి రక్తపు పూత చదవడం పూర్తిగా కొత్త విద్య కాదని నాకు త్వరలోనే అర్థమైంది. లేఖకుని చేతితప్పు ఏది, పాఠాంతరం ఏది అని మేము చూస్తాం. అతడు రంగు గడ్డకట్టిన మరక ఏది, ఎర్రకణం మీద పడ్డ రక్తఫలకిక ఏది, నిజమైన క్రిమి ఏది అని చూస్తాడు. కొత్తవాళ్లు రక్తఫలకికను చూసి ఉంగరం అనుకుంటారట. నేనూ అనుకున్నాను, ఒక్కసారి కాదు.

మనిషిని పట్టే మలేరియా జాతులు ప్రధానంగా నాలుగు. వైవాక్స్, ఫాల్సిపారం, మలేరియే, ఓవేలే. ఆగ్నేయాసియా అడవుల్లో కోతులనుంచి మనుషులకు వచ్చే నోలెసీ అయిదవది. మన ప్రాంతంలో దాదాపు అంతా మొదటి రెండే. నాలుగవరోజు జ్వరం తెచ్చే మలేరియే అరుదు. అది కణానికి అడ్డంగా నడికట్టు కట్టినట్లు పట్టీలాగ కనిపిస్తుంది. మన చాతుర్థికం అదే. మొదటిరోజును కూడా కలిపి లెక్కించడం వల్ల డెబ్బై రెండు గంటల జ్వరం నాలుగవనాటిది అయింది. లాటిను వైద్యులు కూడా అదే లెక్క పెట్టి అదే పేరు పెట్టారు.

ఫాల్సిపారం సంగతి వేరు. దాని ఉంగరాలు వెంట్రుకంత సన్నన. కణం ఉబ్బదు. ఒక కణంలోనే రెండో మూడో ఉంగరాలు ఉండవచ్చు. ఒకే ఉంగరానికి రెండు ఎర్రచుక్కలు ఉండవచ్చు. కొన్ని కణం అంచుకు అంటించినట్లు కరుచుకుని ఉంటాయి. వైవాక్స్‌లో లేతవీ ముదిరినవీ అన్ని దశలూ రక్తపు పూతలో కనిపిస్తాయి. ఫాల్సిపారంలో సాధారణంగా లేత ఉంగరాలే కనిపిస్తాయి. ముదిరినవి మెదడు మొదలైన అవయవాల సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుని దాక్కుంటాయి. వేలి రక్తంలో నాలుగు కనిపిస్తే లోపల ఎన్నో ఉండవచ్చు. ప్రాణం తీసేది అందుకే. జ్వరం మొదలైన వారం పదిరోజులకు దీనికి ఇంకొక రూపం వస్తుంది. వంపు తిరిగిన నెలవంకలాంటి రూపం. ఆ రూపాన్నిబట్టే లాటినులో కొడవలి అనే మాటనుంచి ఫాల్సిపారం అన్న పేరు పుట్టింది.

"గిది కొడవలి సార్" అని మొదటిసారి చూపించినప్పుడు, "కాదయ్యా, ఇది మా అరసున్న" అన్నాను. అతనికి ఆ మాట నచ్చింది. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య వైవాక్స్ సున్న, ఫాల్సిపారం అరసున్న. నేడు వ్రాతలో అరసున్న ఎవరికీ పట్టదు. చదివేటప్పుడు కంటికి ఆనదు. ఉన్నదో లేదో చూడనివాడికి అది లేనట్లే.

ఇక్కడ ఆగస్టు 20 సంగతి చెప్పాలి. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో ఒక సైనికుని రక్తంలో ఈ క్రిమిని మొదట చూశాడు. అది మనిషిలోకి ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు. చెడుగాలి అని అర్థం వచ్చే ఇటాలియన్ మాటే మలేరియా. ఆ రహస్యపు తలుపు తెరుచుకున్నది మన సికింద్రాబాదులో. అల్మోరాలో పుట్టిన రోనాల్డ్ రాస్ బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో, 1897 ఎండల్లో, దోమలను కోసి చూస్తూ కూర్చున్నాడు. విసనకర్ర ఊపితే కోసిన దోమలు ఎగిరిపోతాయని గాలి లేకుండా కూర్చునేవాడట. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించాడు. ఆ హుసేన్ ఖాన్ రక్తంలో ఉన్నవి నెలవంకలే. మా అరసున్నలే. ఆగస్టు 20న, చుక్కల రెక్కల దోమ పొట్టగోడలో, నల్లని రేణువులున్న కణాలు రాస్‌కు కనిపించాయి. దోమే వాహనమని తేలడానికి అది ఆరంభం. 1902లో రాస్‌కూ, 1907లో లావెరాన్‌కూ నోబెల్ బహుమతులు వచ్చాయి. బేగంపేటలో ఆ భవనం రాస్ పేరుతో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏలుబడిలో నేటికీ ఉన్నది. ఒక అణాకు దోమకాటు తిన్న హుసేన్ ఖాన్ తరువాత ఏమయ్యాడో అని అక్కడికి పోయిన ప్రతిసారీ అనుకుంటాను.

ఇంతవరకు వ్రాసింది సులభం. ఇకముందు వ్రాయవలసిందే ఇన్నేళ్లూ వ్రాయనిది.

మా తమ్ముడు నాకంటె ఎనిమిదేళ్లు చిన్న. భద్రాచలం అడవుల వైపు ఒక కంట్రాక్టరు దగ్గర రోడ్డు పనికి లెక్కలు వ్రాసేవాడు. 1996లో దీపావళికి ఇంటికి వచ్చాడు. వచ్చేనాటికే పదిరోజులుగా జ్వరం వచ్చిపోతున్నదని, అక్కడేవో మాత్రలు వేసుకున్నానని చెప్పాడు. నా మిత్రుడు ఆ సమయంలో శిక్షణ కోసం వేరే ఊరు వెళ్లి ఉన్నాడు. పండుగ మరునాడు తమ్ముణ్ణి దగ్గరి పట్టణంలో ఒక చిన్న ప్రైవేటు లాబుకు తీసుకుపోయాను. లాబు నడిపేవాడు కుర్రవాడు, పాతికేళ్లు ఉంటాయేమో. పావుగంటలో కాగితం చేతికిచ్చాడు. దాని మీద వైవాక్స్ అని ఉన్నది. నేను తేలికగా ఊపిరి పీల్చుకున్నాను. సగం తెలిసినవాడి ధైర్యం అది. "అరసున్న కాదు, సున్నే. ఏమీ భయం లేదు" అని మరదలికి చెప్పాను. డాక్టరు ఆ కాగితాన్నిబట్టి క్లోరోక్విన్ వ్రాశాడు.

మూడవనాటికి తమ్ముడు పొంతనలేని మాటలు మాట్లాడసాగాడు. నాలుగవనాటి తెల్లవారుజామున మూర్ఛలు. నగరంలో పెద్దాసుపత్రికి చేర్చాము. వాళ్లు మళ్లీ రక్తం చూసి రెండు జాతులూ ఉన్నాయన్నారు. వైవాక్స్‌తో పాటు ఫాల్సిపారం. అది మెదడుకు పట్టింది. క్వినైను ఎక్కించారు. మరునాటి సాయంకాలం పోయాడు. అప్పటికి వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. మరదలికి ఇరవై మూడు.

పన్నెండవరోజు కర్మ ముగిశాక నేను ఆ లాబుకు వెళ్లాను. వీధిలో పదిమంది వింటుండగా ఆ కుర్రవాణ్ణి అనరాని మాటలు అన్నాను. హంతకుడివన్నాను. భాషాప్రవీణ పట్టా నాకు ఆనాడు బాగా ఉపయోగపడింది. అతడు ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. లోపలికి పోయి, వెతికి, ఆ గాజుపలకను కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అతని చెయ్యి వణికింది. ఏడాది తిరక్కుండానే ఆ దుకాణం మూతపడిందని విన్నాను. సంతోషించాను. ఆ మాట కూడా ఇక్కడ వ్రాయాలి.

పలకను తమ్ముడి గడియారం, కళ్లజోడు ఉన్న చెక్కపెట్టెలో దాచాను. నా మిత్రుడు తిరిగివచ్చాక రెండు మూడుసార్లు, "ఒకసారి చూస్త సార్" అని అడిగాడు. ఇవ్వలేదు. అందులో ఏమున్నదో నాకు తెలుసు అనుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ పెట్టె మూసే ఉన్నది. నా కోపం దానిలోనే భద్రంగా ఉన్నది.

2017లో నేను పదవీవిరమణ చేశాను. మరుసటి ఏడాది అతడూ చేశాడు. చేసిన నెలకు, సొంతంగా కొనుక్కున్న పాత సూక్ష్మదర్శినిని మా ఇంటికి తెచ్చాడు. తన కంట్లో పొర వచ్చిందనీ, ఆపరేషను అయ్యేదాకా దీన్ని నా దగ్గర ఉంచుకొమ్మనీ అన్నాడు. తరువాత ఆపరేషను అయింది. యంత్రం మాత్రం తిరిగి తీసుకోలేదు. ఆ సాయంకాలం ఎందుకో నేనే లేచి చెక్కపెట్టె తెరిచాను.

రంగు కొంత వెలసింది. కాని చీకట్లో ఉన్నది గనుక చెడిపోలేదు. పలుచని పూత ఒక్కటే ఉన్నది, మందపు పూత వేయలేదు. "మీరే చూడుండ్రి. నేను మాట్లాడ" అన్నాడు మిత్రుడు. నూనెబొట్టు వేసి కూర్చున్నాను. కటకం కింద ఒక్కసారి కనిపించే గుండ్రని మేరను ఫీల్డు అంటారు. మూడవ ఫీల్డులోనే ఉబ్బిన కణం, కుంకుమ చుక్కలు, నడుమ లావుపాటి సున్న. వైవాక్స్. ఎవరికైనా తెలుస్తుంది. నాకే తెలిసింది. ఆపైన ఇంకొకటి, ఇంకొకటి. ముప్పై నలభై ఫీల్డుల దగ్గర ఉబ్బని కణాలలో సన్నని ఉంగరాలు రెండు కనిపించాయి. అవి ఫాల్సిపారమో, వైవాక్స్ లేత ఉంగరాలో నేను చెప్పలేకపోయాను. ముందుకు జరిపాను. నూరు దాటాయి. నూట పన్నెండవ ఫీల్డులో, మూలన, ఒకే ఒక అరసున్న.

చాలాసేపు దాని మీదనుంచి కన్ను తీయలేదు. కటకం చెమర్చి మసకబారితే యంత్రం చెడిపోయిందనుకున్నాను.

అప్పుడు మిత్రుడు అన్నాడు. "ఒకటి దొరికిందని చెయ్యి తియ్యొద్దు సార్. ఇది మాకు మొదట చెప్పే మాట. మందపు పూతల వంద ఫీల్డులు చూడకుండ లేదని రాయొద్దు. పలుచదానికి వంద సాలవు. దొరికినంక కూడ చూడాలె. దొరికినంకనే గట్టిగ చూడాలె. రెండోది మొదటిదాని చాటున ఉంటది." కాసేపాగి, "ఆ పిల్లగానికి ఎవ్వలు చెప్పలేదేమో" అన్నాడు.

నా అంతట నేను ఒక ప్రశ్న వేసుకున్నాను. ఆ బల్ల దగ్గర నేనే ఉంటే, బయట నలుగురు నిలబడి ఉంటే, నా కలం ఎక్కడ ఆగేది? మూడవ ఫీల్డులోనే. అందులో సందేహం లేదు. వ్యాకరణం ఉన్న రోజునే వాడికి చలి వస్తున్నదని మొదటి వారమే తీర్పు చెప్పినవాణ్ణి నేను. రెండవ వారం మంగళవారందాకా ఆగింది ఆ జ్వరం గాని, నేను కాదు. పదవ తరగతి జవాబుపత్రాలు దిద్దేటప్పుడు మొదటి పుటలో రెండు అచ్చుతప్పులు చూసి, కడమ పుటలను చిన్నచూపు చూసిన రోజులు నాకు గుర్తున్నాయి. నా తప్పులకు ఎవరి ప్రాణమూ పోలేదు. అది నా గొప్ప కాదు, నా అదృష్టం.

అతని తప్పు తప్పు కాదని నేను అనడం లేదు. మందపు పూత వేయకపోవడం తప్పు. పావుగంటలో ముగించడం తప్పు. జ్వరం పదిరోజులనాటిదనీ, రోగి అడవి ప్రాంతంనుంచి వచ్చాడనీ అడగకపోవడం తప్పు. కాని ఆ సంగతి అడగకపోయినా చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు. ఏది సున్నో ఏది అరసున్నో తెలిసినవాణ్ణన్న అతిశయంతో కాగితం మీది ఒక్క మాటను నమ్మాను. వీధిలో అతణ్ణి హంతకుడా అన్నప్పుడు ఆ మాటలో సగపాలు నాది. అది తెలియడానికి నాకు ఇరవై రెండేళ్లూ, నూట పన్నెండు ఫీల్డులూ పట్టాయి.

ఇప్పటి సంగతి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మలేరియా బాగా తగ్గింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో 2015లో సుమారు 11 లక్షల 69 వేల కేసులు ఉంటే, 2023 నాటికి 2 లక్షల 27 వేలకు దిగాయి. 2030కల్లా పూర్తిగా తొలగించాలని లక్ష్యం. 1960 దశకంలో ఒకసారి ఇలాగే లక్షకు దించి, గెలిచామని చెయ్యి తీశారు. 1976కల్లా 64 లక్షలకు పైబడింది. దొరికిందని ఆపడం ఎంత ప్రమాదమో, పోయిందని ఆపడమూ అంతే.

పావుగంటలో ఫలితం చెప్పే పరీక్ష కాగితపు పట్టీలు వచ్చాయి. సూక్ష్మదర్శిని లేని పల్లెల్లో అవి ప్రాణదానం చేస్తున్నాయి. కాని కొన్నిచోట్ల ఫాల్సిపారం ఆ పట్టీ పట్టుకునే మాంసకృత్తునే వదిలేసి తప్పించుకుంటున్నది. జ్వరం తగ్గిన తరువాత కూడా కొన్ని వారాలపాటు పట్టీ ఉన్నదనే చూపవచ్చు. ఎన్ని క్రిములున్నాయి, ఏ దశలో ఉన్నాయి, మందుకు తగ్గుతున్నాయా అన్నవి చెప్పడానికి నేటికీ గాజుపలకా, కటకమూ, వాటి వెనుక ఓపికగల కన్నూ కావాలి.

శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు పోతే, ఒకప్పటి జొన్నచేల స్థానంలో జీనోమ్ వ్యాలీ ఉన్నది. మలేరియాకు వచ్చిన మొదటి టీకా ఆర్‌టిఎస్‌-ఎస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో పిల్లలకు సిఫారసు చేసింది. దాని తయారీని అందిపుచ్చుకోవడానికి అదే ఏడు జనవరిలో ఒప్పందం చేసుకున్నది ఇక్కడి భారత్ బయోటెక్. ఆ టీకా ఫాల్సిపారం మీద పనిచేసేది. అంటే అరసున్న మీద. రాస్ కూర్చున్న బేగంపేటనుంచి ఈ చోటు ముప్పై నలభై కిలోమీటర్ల దూరం. ఆ దారిలో ఎక్కడో మా తమ్ముడి పేరు కూడా ఉన్నదని నేను అనుకుంటాను.

మిత్రులారా, ఎవరికైనా చలితో జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించండి. ఏ ఊరినుంచి వచ్చారో, ఎన్నాళ్లుగా జ్వరమో అడగకపోయినా చెప్పండి. వైవాక్స్ అయితే డాక్టరు సలహా ప్రకారం పద్నాలుగు రోజుల మందు చివరి మాత్రదాకా వేసుకోండి. ఆ మందు అందరికీ పడదు గనుక సొంతంగా కొని వేసుకోకండి.

ఆ లాబు కుర్రవాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో కనుక్కోవడానికి నేనూ నా మిత్రుడూ ప్రయత్నించాం, దొరకలేదు. ఈ టపా అతని కంటపడే అవకాశం తక్కువేనని తెలుసు. అయినా వ్రాస్తున్నాను. బాబూ, నీవు ఇచ్చిన పలక నా దగ్గరే ఉన్నది. నీవు వ్రాసినది అబద్ధం కాదు, అసంపూర్ణం. నేను వీధిలో అన్నదీ అంతే. నీవు ఎప్పుడైనా ఈ దారిన వస్తే, ఇద్దరం కూర్చుని దాన్ని చివరిదాకా చూద్దాం.